బిట్లు కొట్టే పిల్లలకు క్లాట్ ఎందుకు కొరుకుడు పడదు

ఏటా మార్చి చివర్లో, ఇంటర్ పరీక్షలు అయిన వారం పది రోజులకు, నాకు రెండు మూడు ఫోన్లు వస్తాయి. కోర్టులో ప్రాక్టీస్ చేస్తాను కాబట్టి తెలిసినవాళ్లు, వాళ్లకు తెలిసినవాళ్లు అడుగుతుంటారు. "మా అమ్మాయి లా చదువుతానంటోందండీ. నల్సార్‌లో సీటు రావాలంటే ఏం రాయాలి? అప్లికేషన్లు ఎప్పుడు?" రాయాల్సింది క్లాట్, అంటే జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల ఉమ్మడి ప్రవేశ పరీక్ష. ఆ ఏటి క్లాట్ డిసెంబర్‌లోనే అయిపోయింది. ఈ మాట చెప్పగానే అవతల కాసేపు చప్పుడుండదు. తర్వాత నెమ్మదిగా "పోనీ, లాసెట్ ఉందిగా" అంటారు.

ఉంది, రాష్ట్రంలోని లా కాలేజీల ప్రవేశ పరీక్ష అది. కానీ లాసెట్‌కూ క్లాట్‌కూ పేరులో తప్ప పోలిక తక్కువ. లాసెట్‌లో 120 ప్రశ్నలు, 90 నిమిషాలు. జనరల్ నాలెడ్జ్, మెంటల్ ఎబిలిటీ 30 మార్కులు, కరెంట్ అఫైర్స్ 30, న్యాయశాస్త్ర అభిరుచి 60. తప్పుకు మార్కు పోదు, ప్రశ్నలు తెలుగులోనూ ఉంటాయి, 35 శాతం వస్తే అర్హత. రాజ్యాంగం మౌలికాంశాలు, కొన్ని చట్టాలు, పాత పేపర్లు తిరగేస్తే రెండు నెలల్లో గట్టెక్కొచ్చు. క్లాట్‌లోనూ 120 ప్రశ్నలే, కానీ సమయం 120 నిమిషాలు. ఇంగ్లీషులో తప్ప మరో భాషలో ఉండదు. ప్రతి తప్పుకూ పావు మార్కు కోత. లాసెట్‌లో తెలిసిన సమాధానాన్ని గుర్తుపట్టాలి. క్లాట్‌లో కళ్ల ముందున్న పేరా చదివి, సమాధానం అందులోంచే తవ్వి తీయాలి.

క్లాట్ మొదటి నుంచీ ఇలా లేదు. ఒక్కో జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఒక్కో ప్రవేశ పరీక్ష పెట్టుకుంటూ పిల్లల్ని ఊరూరూ తిప్పుతుంటే, విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆ తర్వాత ఏడు వర్సిటీలు కలిసి 2008లో ఉమ్మడి పరీక్ష మొదలుపెట్టాయి. ఇప్పుడు అందులో ఇరవైకి పైగా ఉన్నాయి. మన వైపు హైదరాబాద్ నల్సార్, విశాఖ దగ్గర సబ్బవరంలోని దామోదరం సంజీవయ్య వర్సిటీ రెండూ ఈ గొడుగు కిందివే. ఢిల్లీలోని జాతీయ న్యాయ వర్సిటీ మాత్రం ఐలెట్ పేరుతో తన పరీక్ష తాను పెట్టుకుంటోంది. 2019 దాకా క్లాట్‌లో 200 ప్రశ్నలుండేవి. లాటిన్ సూక్తులకు అర్థాలు, ఫలానా అధికరణ దేని గురించి లాంటివి వచ్చేవి. బట్టీ పట్టినవాడికి కొంత ఊరట ఉండేది. 2020లో ఆ పద్ధతి పోయింది. అన్ని విభాగాలూ ప్యాసేజీల మీదే నడుస్తున్నాయి. మొదట 150 ప్రశ్నలు పెట్టి, తర్వాత 120కి తగ్గించారు.

ఇంగ్లీషుకు 20 శాతం, వర్తమాన వ్యవహారాలకు 25, లీగల్ రీజనింగ్‌కు 25, లాజికల్ రీజనింగ్‌కు 20, లెక్కలకు 10. లెక్కలు పదో తరగతి స్థాయివే. ఎంపీసీ పిల్లలు "మ్యాథ్స్ మాకు ప్లస్ కదా" అని ధీమాగా వస్తారు. ఆ ప్లస్ విలువ పది, పన్నెండు మార్కులు.

ఇప్పుడు ఒక చిన్న కాకి లెక్క వేద్దాం. ఒక్కో ప్యాసేజీ 450 పదాల దాకా ఉండొచ్చని నిర్వాహకులే చెబుతారు. సగటున 350 అనుకుందాం. ప్యాసేజీకి అయిదు ప్రశ్నల చొప్పున 24 ప్యాసేజీలు, అంటే 8,400 పదాలు. ప్రశ్న, నాలుగు ఆప్షన్లు కలిపి 50 పదాలనుకుంటే అవి మరో 6,000. మొత్తం 14 వేలు దాటింది. రెండు గంటల్లో అంటే నిమిషానికి 120 పదాలు, ఆగకుండా. ఆలోచించడానికి, వెనక్కి తిరిగి చూడటానికి, ఓఎంఆర్ షీటు నింపడానికి ఇందులో ఒక్క సెకను కూడా కలపలేదు. లెక్క అటూ ఇటూ అయినా, ఇది ముందుగా చదివే వేగానికి పెట్టే పరీక్షేనని తెలిసిపోతుంది.

మన జూనియర్ కాలేజీల్లో నేర్పనిది సరిగ్గా ఇదే. పొద్దున ఆరింటి నుంచి రాత్రి పదింటి దాకా స్టడీ అవర్లు ఉంటాయి. ఆ పదహారు గంటల్లో ఒక పిల్ల తనకు తెలియని విషయం మీద మూడు పేజీల వ్యాసం మొదటి నుంచి చివరి దాకా చదివే సందర్భం ఒక్కటీ రాదు. మెటీరియల్ ఇస్తారు. అందులో ముఖ్యమైనవి ముందే బోల్డ్‌లో ఉంటాయి. వారాంతంలో పరీక్ష, తర్వాత ఎర్రర్ లిస్టు. ఎప్‌సెట్‌కో (పాత ఎంసెట్) నీట్‌కో ఈ యంత్రం పని చేస్తుంది, కాదనను. ఆ పరీక్షల్లో అడిగే ప్రశ్నల రకాలు ఎన్నున్నా లెక్కకు అందుతాయి. క్లాట్‌లో రేపు వచ్చే ప్యాసేజీ సముద్ర జలాల మీదో, కృత్రిమ మేధ మీదో, ఎవరూ చదవని ఒక పాత నవల మీదో ఉండొచ్చు. దానికి మెటీరియల్ ఎవరు తయారు చేస్తారు?

మా అక్క కూతురు ఇంటర్ మొదటి సంవత్సరం సెలవుల్లో మా ఇంటికి వచ్చినప్పుడు నాకిది బాగా అర్థమైంది. తెలివైన పిల్ల, మార్కులకు లోటు లేదు. ఇంగ్లీషు సంగతి తర్వాత చూద్దామని తెలుగు పత్రికలోని సంపాదకీయం చేతికిచ్చి చదవమన్నాను. నీటి పంపకాల మీద రాసింది. చదివింది. "ఇందులో చెప్పింది సరైందేనా?" అన్నాను. నా ముఖం వంక వింతగా చూసి, "పేపర్లో వేశారుగా మామయ్యా" అంది.

పన్నెండేళ్ల చదువు ఆ ఒక్క జవాబులో కనిపించింది. అచ్చులో ఉన్నది నిజమే, మన పని గుర్తుపెట్టుకోవడమే. లాజికల్ రీజనింగ్ విభాగం అడిగేది దీనికి పూర్తిగా తిరగబడిన పని. రచయిత ఏమంటున్నాడు, దేన్ని ఆధారం చేసుకుని అంటున్నాడు, చెప్పకుండా ముందే ఒప్పేసుకున్నదేమిటి, ఏ కొత్త సంగతి బయటపడితే ఆయన వాదన కూలిపోతుంది? ఈ నాలుగు ప్రశ్నలు వేయడం తెలుగులో అలవాటైతే ఇంగ్లీషులోనూ వేయగలరు. తెలుగులోనే అలవాటు లేనివాళ్లకు ఇంగ్లీషు వొకాబులరీ పుస్తకం కొనిచ్చి లాభం లేదు. అందుకే మొదటి రెండు నెలలు ఆమె చేత తెలుగు సంపాదకీయాలే చదివించాను. కోచింగ్ నడిపే మిత్రుడొకాయన విని నవ్వాడు. నవ్వనీ.

లీగల్ రీజనింగ్ అంటే భయపడేవాళ్లు ఎక్కువ. చట్టం తెలియక్కర్లేదు. సూత్రం పేరాలోనే ఇస్తారు, ఒక సంఘటన చెబుతారు, ఆ సూత్రాన్ని ఈ సంఘటనకు అన్వయించమంటారు. ఉదాహరణకు సూత్రం ఇదీ: ఒక పనిలో సహజంగా ఉండే ప్రమాదాన్ని తెలిసి ఒప్పుకున్న మనిషి, ఆ ప్రమాదం వల్ల దెబ్బ తగిలితే పరిహారం అడగలేడు. నిర్వాహకుల అజాగ్రత్తకు మాత్రం ఆ ఒప్పుకోలు వర్తించదు. సంక్రాంతికి ఎడ్ల పందేలు చూడ్డానికి వెళ్లిన ఒకాయన, నిర్వాహకులు హడావుడిగా కట్టిన కర్రల గ్యాలరీ కూలి కాలు విరగ్గొట్టుకున్నాడు. పరిహారం వస్తుందా? "పందేల దగ్గర ప్రమాదముంటుందని తెలిసే వెళ్లాడుగా" అనేవాళ్లు సూత్రంలో మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయారు. ఎడ్లు బెదిరి జనం మీదికి రావడం ఆ పందేల్లో ఉండే ప్రమాదం. నాసిరకం గ్యాలరీ అందులోది కాదు. "పాపం, పేదవాడు కదా, ఇవ్వాలి" అనేవాళ్లకు ఈ ప్రశ్నలో మార్కు పడుతుంది. కాకపోతే కారణం తప్పు కాబట్టి తర్వాతి ప్రశ్నలో పోతుంది. మన పిల్లలు ఎక్కువగా తప్పేది ఈ రెండో దగ్గరే. జాలి, కోపం, ముందే తెలిసిన చట్టం, మూడూ హాలు బయట పెట్టి రావాలి. ఇప్పటికీ లాటిన్ సూక్తుల జాబితా చేతిలో పెట్టి "ఇవి రాకపోతే క్లాట్ రాదు" అనేవాళ్లను చూస్తే, వీళ్లు 2020 తర్వాత ప్రశ్నపత్రం ఒక్కటైనా తెరిచారా అనిపిస్తుంది.

నెగెటివ్ మార్కుల టెన్షన్ కూడా అక్కర్లేనంత పెంచుకుంటారు. రైటుకు ఒకటి, తప్పుకు పావు. నాలుగు ఆప్షన్లలో కళ్లు మూసుకుని ఒకటి పెట్టినా సగటున నష్టం రాదు, ఇసుమంత లాభమే. ఒక ఆప్షన్ ఖాయంగా కొట్టేయగలిగితే ఆ లాభం ఇంకా పెరుగుతుంది. అసలు నష్టం ఒకే ప్యాసేజీ దగ్గర పదకొండు నిమిషాలు మొండికేసి కూర్చోవడంలో ఉంది. మాక్ టెస్టుల ఉపయోగం ఈ మొండితనం వదిలించడమే. అందుకే మొదటి రోజు నుంచీ వారానికి మూడు మాక్‌లు రాయించడం నాకు నచ్చదు. చదవడం రాని దశలో మాక్ రాస్తే బయటపడేది చదవడం రాదన్న సంగతే. అది ముందే తెలుసు కదా.

ఇంతకీ తప్పంతా పిల్లలదీ కాలేజీలదేనా? నీట్, జేఈఈ మెయిన్ తెలుగుతో సహా 13 భాషల్లో రాయొచ్చు. ఎల్‌ఎల్‌బీ అయ్యాక వకీలుగా కొనసాగడానికి రాసే ఆల్ ఇండియా బార్ ఎగ్జామ్ కూడా తెలుగులో ఉంది. తలుపు దగ్గర పెట్టే క్లాట్ మాత్రం ఇంగ్లీషులోనే. దీని మీద 2023లో ఢిల్లీ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం పడింది. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా కూడా ప్రాంతీయ భాషల్లో పెట్టాలన్న వైపే నిలిచింది. వర్సిటీల కన్సార్టియం మాత్రం దీనికి చాలా ఏర్పాట్లు కావాలంది.

నా అభిప్రాయం కొంచెం మధ్యలో ఉంటుంది. కేవలం అనువదిస్తే సరిపోతుందని నేననుకోను. ‘రీజనబుల్’ అన్న చోట ‘సహేతుకమైన’ అని, ‘కన్సిడరేషన్’ అన్న చోట ‘ప్రతిఫలం’ అని రాసిన 450 పదాల తెలుగు ప్యాసేజీ, తెలుగు మీడియం పిల్లలకు కూడా ఇంగ్లీషంత దూరంగానే ఉంటుంది. పోటీ పరీక్షల తెలుగు ప్రశ్నలు అర్థం కాక పక్కనున్న ఇంగ్లీషు చూసి అర్థం చేసుకున్నవాళ్లు మనలో తక్కువేం కాదు. పైగా లోపలికి వెళ్లాక అయిదేళ్లూ పాఠం ఇంగ్లీషులోనే. మన హైకోర్టులు, సుప్రీంకోర్టు పనిచేసేదీ రాజ్యాంగం 348వ అధికరణ ప్రకారం ఇంగ్లీషులోనే.

అలాగని ఉన్నది ఉన్నట్టు బాగుందనీ అనను. నేను నిలబడే కోర్టులో సాక్షి చెప్పేది తెలుగు. చాలాసార్లు టైపయ్యేది ఇంగ్లీషు. ఆ రెంటి మధ్య ఏం జారిపోతుందో పట్టుకోవాలంటే తెలుగు వచ్చిన వకీలు కావాలి. 2023 జూన్‌లో తెలంగాణ హైకోర్టు ధర్మాసనం ఒక తీర్పును తెలుగులో వెలువరించింది. ఆ పని చేయగల భాష ప్రవేశ పరీక్షలో ఎందుకూ పనికిరాదంటే ఎలా? ఇంగ్లీషు ఒక విభాగంగా ఉండనీ, దాని 20 శాతం దానికి ఇవ్వనీ. తర్కాన్ని, న్యాయ దృష్టిని కొలిచే భాగాన్ని పిల్లలు తమ భాషలో రాయనీ. ఆ తెలుగు ప్యాసేజీలు అనువాదంగా కాక, తెలుగులో రాయడం తెలిసినవాళ్ల చేత నేరుగా రాయించాలి. కష్టమే. కానీ ఒక్క ఇంగ్లీషు పేపరైనా తప్పు లేకుండా వస్తోందా? 2024 డిసెంబర్‌లో జరిగిన పరీక్ష ‘కీ’లో తప్పుల గొడవ ఢిల్లీ హైకోర్టు దాటి, మరుసటి మే నెలలో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ప్రశ్నలు తయారు చేసిన తీరును సుప్రీంకోర్టు గట్టిగానే తప్పుబట్టింది.

పరీక్షను మార్చడం జరగని పనేం కాదు. అమెరికాలో లా స్కూళ్ల కోసం రాసే ఎల్‌శాట్‌లో దశాబ్దాలుగా ‘లాజిక్ గేమ్స్’ అనే విభాగం ఉండేది. బొమ్మలు గీసుకుని సాధించాల్సిన ఆ చిక్కుముడులు చూపు లేనివాళ్లకు అన్యాయమని కేసు పడింది. 2019లో రాజీ కుదిరింది, 2024 ఆగస్టు నుంచి ఆ విభాగమే ఎత్తేశారు. లా కాలేజీలేం మూతపడలేదు.

డబ్బు సంగతి మీకు తెలిసిందే. దరఖాస్తుకే నాలుగు వేలు, ఎస్సీ ఎస్టీలకు మూడున్నర వేలు. లాసెట్‌కు వెయ్యి లోపే. సీటొచ్చాక ఏడాదికి లక్షల్లో. కోల్‌కతా న్యాయ వర్సిటీలో పాఠాలు చెప్పిన ప్రొఫెసర్ షమ్‌నాద్ బషీర్ ఈ గోడ చూసే 2010లో ‘ఐడియా’ అనే సంస్థ మొదలుపెట్టారు. పేదింటి పిల్లలకు లా విద్యార్థుల చేతే ఉచితంగా శిక్షణ ఇప్పించడం దాని పని. ఆయన 2019లో పోయారు, సంస్థ నడుస్తోంది. అలాంటిదొకటి ఉందని మన జూనియర్ కాలేజీ నోటీసు బోర్డులో నాకెక్కడా కనిపించలేదు.

ఇంతకీ మా మేనకోడలు సంగతి. డిసెంబర్‌లో క్లాట్ రాసింది, నల్సార్‌కు ర్యాంకు చాలలేదు. లాసెట్ రాసి రాష్ట్ర వర్సిటీ కాలేజీలో చేరింది. ఇప్పుడు రెండో ఏడు. మొన్న రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేసి, క్లాసులో చెప్పిన ఏదో రాజ్యాంగ కేసులో మెజారిటీ జడ్జీల కంటే విభేదించిన జడ్జి చెప్పిందే నిలబడుతుందంది. "తీర్పులో రాశారుగా, మెజారిటీ వైపే కదా ఒప్పుకోవాలి" అన్నాను, ఉడికిద్దామని. ఇరవై నిమిషాలు వదల్లేదు. అన్నం చల్లారిపోయింది.