పర్లాకిమిడికి ఒక వీడియో సేకర్త కావాలి

గత నెల ఒడిశాలోని మన పర్లాకిమిడిలో ఒక పాత వీడియో దుకాణానికి వెళ్లాను. దుకాణదారు ఒక వీహెచ్ఎస్ క్యాసెట్టు మూత ఎత్తి చూపించారు. నల్లటి టేపు అంచు పొడవునా తెల్లని బూజు, పిండి చల్లినట్టు. అందులో ఉన్నది తప్పెటగుళ్ల బృందం ఆట. ఆడిస్తే వీసీఆర్ హెడ్డు కూడా పాడవుతుందని చెప్పి తిరిగి అరలో పెట్టేశారు.

డబ్బున్నవారు వీడియో కళాఖండాలు కొంటున్నారంటే వెక్కిరించేవారికి ఆ టేపు చూపించాలనిపించింది. జర్మనీలో యూలియా స్టోషెక్ అనే సంపన్నురాలు తన వీడియో కళా సేకరణను 2007లో డ్యూసెల్‌డార్ఫ్‌లో, 2016లో బెర్లిన్‌లో ప్రజలకు తెరిచారు. ఇలాంటి కళను కొని గోడకు తగిలించి మురిసిపోవడానికి లేదు. చేతికి వచ్చేది ఒక ఫైలు, ఒక ధ్రువపత్రం, ఎలా ప్రదర్శించాలో చెప్పే సూచనలు. చాలాసార్లు అదే కృతికి మరికొన్ని ప్రతులు వేరేవారి దగ్గరా ఉంటాయి. అసలు పని ఆ తర్వాతే. టేపు మీద అయస్కాంతపు పొడిని పట్టి ఉంచే జిగురు తేమ పీల్చి మెత్తబడుతుంది. టేపు బాగున్నా ఆడించే యంత్రం దొరకదు. చివరిదాకా వీసీఆర్‌లు తయారుచేసిన జపాన్ సంస్థ ఫునాయి 2016లో ఆపేసింది. ఫైలుగా మార్చినా కొన్నేళ్లకు ఆ ఫార్మాటూ పాతబడుతుంది. కొన్నవారు బతికున్నంతకాలం ఆ బొమ్మను ఒక ఒంట్లోంచి మరో ఒంట్లోకి దించుతూనే ఉండాలి. ఇంత చాకిరీని ఎవరు నెత్తికెత్తుకుంటారు, దాని మీద పిచ్చి ప్రేమ ఉంటే తప్ప?

శాన్‌ఫ్రాన్సిస్కోకు చెందిన పమేలా, రిచర్డ్ క్రామ్లిక్ దంపతులు వీడియో కళను కొని ఊరుకోలేదు. 1997లో న్యూ ఆర్ట్ ట్రస్ట్ పెట్టారు. న్యూయార్క్‌లోని మోమా, లండన్‌లోని టేట్ వంటి మ్యూజియాలతో కలిసి ఆ ట్రస్టు ఇలాంటి కృతులను భద్రపరిచే పద్ధతులను రాయించి, అందరికీ ఉచితంగా ఇంటర్నెట్‌లో పెట్టింది. పర్లాకిమిడి కుర్రాడు కూడా ఫోనులో చదువుకోవచ్చు.

సంస్కృతి సంపన్నుల దయ మీద బతకకూడదని కొందరంటారు. స్టోషెక్ కుటుంబ సంస్థ నాజీ కాలంలో నిర్బంధ శ్రమ చేయించుకుందన్న విమర్శ కూడా ఉంది. ఆ ప్రశ్న అడగాల్సిందే. అయితే ప్రభుత్వం వచ్చేదాకా బూజు ఆగదు.

మన సంగతి మరీ చిక్కు. 1936లో ఒడిశా ఏర్పడినప్పటి నుంచి ఇక్కడి తెలుగువాళ్లం మనం రెండు లెక్కల్లోనూ లేము. భువనేశ్వర్‌కు మన పాట తెలుగుది, అమరావతికి మన ఊరు ఒడిశాది. గిడుగు రామమూర్తి ఇలాంటి లెక్కలు చూసుకోలేదు. ఈ ఊళ్లో బడిపంతులుగా ఉంటూనే, సవర అనే గిరిజన భాష వచ్చినవారిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు, వారి పాటలూ కథలూ రాసుకున్నారు. ఆ శ్రమే 1931లో వ్యాకరణంగా, 1938లో నిఘంటువుగా వచ్చింది. జీతం రాళ్లతో బతికే ఒక మనిషి ఇష్టపడి చేసుకున్న సేకరణ అది. ఇవాళ సవర పిల్లలకు తాతల నాటి మాట కావాలంటే ఆ పుస్తకాలు తెరవవచ్చు.

గుణుపురం, రాయగడ, బరంపురంలోని మన వ్యాపార కుటుంబాలు గుళ్లకూ కల్యాణ మండపాలకూ ధారాళంగా ఇస్తాయి. వాటిలో ఒక్క కుటుంబం తేమ చేరని ఒక గది, బాగుచేసిన రెండు వీసీఆర్‌లు, ఒక కంప్యూటర్, జీతం ఇచ్చి ఒక మనిషి, ఇంతవరకు చూసుకుంటే పని మొదలవుతుంది. మొదట తీయాల్సిన క్యాసెట్టు ఆ దుకాణంలో కిందినుంచి రెండో అరలో ఉంది. దాని మీద నీలి సిరాతో 'దసరా, 1994' అని రాసి ఉంది.