మంచుతో పోరాడని ఓడ

ధ్రువయాత్రల చరిత్ర అనగానే నాన్సెన్, అముండ్‌సెన్ వంటి సాహసికులే గుర్తుకొస్తారు. నా దృష్టిలో ఆ కీర్తిలో సింహభాగం దక్కవలసింది నార్వేలోని లార్విక్‌లో నాన్సెన్ యాత్ర కోసం ‘ఫ్రామ్’ ఓడను నిర్మించిన కాలిన్ ఆర్చర్‌కే. 1881లో సైబీరియాకు ఉత్తరాన మంచు నలిపేసిన అమెరికన్ ఓడ ‘జానెట్’ శకలాలు మూడేళ్ల తర్వాత గ్రీన్‌లాండ్ నైరుతి తీరంలో దొరకడం, ఆ మంచు ప్రవాహమే తనను ఉత్తర ధ్రువం వైపు మోసుకుపోతుందని నాన్సెన్ ఊహించడం పాఠకులకు తెలిసిన కథే.

ఆ ఊహను నిలబెట్టింది మాత్రం ఓడ రూపం. అప్పటిదాకా ధ్రువసముద్రాలకు వెళ్లే ఓడ అంటే మరింత దళసరి కలప, మరింత బలమైన దూలాలు. ఆర్చర్ కలప విషయంలో పిసినారితనం చూపలేదు గానీ, మంచు ఒత్తిడిని ఓడ ఎంతసేపు తట్టుకోగలదని కాక, ఆ ఒత్తిడికి పట్టే దొరక్కుండా చేయడమెలా అని ఆలోచించాడు. సుమారు 39 మీటర్ల పొడవుకు 11 మీటర్ల వెడల్పుతో, గుండ్రని పక్కలతో, పైకి లాగేసుకోగల చుక్కానితో, ప్రొపెల్లరుతో 1892 అక్టోబరులో జలప్రవేశం చేసిన ఆ పొట్టి ఓడ, వేళ్ల మధ్య నొక్కిన తడి చింతపిక్కలా మంచు బిగుసుకున్నకొద్దీ పైకి లేచేది. 1893 సెప్టెంబరు నుంచి 1896 ఆగస్టు దాకా అది మంచులోనే ఉంది. మధ్యలో నాన్సెన్, సహచరుడు యోహాన్సెన్ ధ్రువం కోసం దిగి వెళ్లిపోయినా, స్వెర్‌డ్రుప్ సారథ్యంలో ఓడ క్షేమంగా బయటపడింది. వెళ్లిన పదముగ్గురూ ఇల్లు చేరారు.

ఫ్రామ్ ధ్రువాన్ని చేరనేలేదని, బహిరంగ సముద్రంలో భరించలేనంతగా ఊగేదని విమర్శకులు అంటారు. రెండూ నిజమే. అయితే మరో దృఢమైన నార్వే ఓడ ‘ఎండ్యూరెన్స్’ గతి చూడండి. మంచు అంచున విహారయాత్రల కోసం కట్టిన ఆ ఓడను బ్రిటిష్ అన్వేషకుడు షాకిల్టన్ అంటార్కిటికా పక్కనున్న వెడ్డెల్ సముద్రంలోకి తీసుకువెళితే, 1915లో మంచు దాన్ని చిదిమేసింది. కొరత ధైర్యానిది కాదు, ఆ పనికని గీసిన రూపానిది.

ఇక్కడ మన సంగతి ఎత్తక తప్పదు. స్వీడన్ రాజు ఏలుబడిలో ఉంటూనే నార్వే పార్లమెంటు ఫ్రామ్‌కు ప్రజాధనం మంజూరు చేసింది. మనం 1981లో తొలి అంటార్కిటికా యాత్రకు నార్వే ఓడనే అద్దెకు తెచ్చుకున్నాం. అక్కడ మన మైత్రి, భారతి పరిశోధన కేంద్రాలు వెలిసినా ఆ అద్దె అలవాటు పోలేదు. 2025 జూన్‌లో కోల్‌కతాలోని ప్రభుత్వరంగ నౌకానిర్మాణ సంస్థ మన తొలి ధ్రువ పరిశోధన నౌక కోసం మళ్లీ నార్వే కంపెనీతోనే అవగాహన కుదుర్చుకుంది. సంతోషమే. కానీ రూపకల్పన అక్కడ, ఇనుము అతికే పని ఇక్కడ అన్న పంపకానికి ఒప్పుకోకూడదు. విశాఖలో నౌకానిర్మాణ శాస్త్రం చదివిన మన పిల్లలను ముందు ఒక శీతాకాలం మైత్రిలో ఉంచి, ఆ తర్వాతే నమూనా బల్ల ముందు కూర్చోబెట్టాలి.