స్థానిక కళాకారుల సహకారంతో

విశాఖపట్నం వాళ్ళకి కళాహృదయం లేదని ఇకమీద ఎవరైనా అంటే ఊరుకునేది లేదు. 2024 ఫిబ్రవరి 25న ఆర్కే బీచ్ దగ్గర సముద్రం మీద తేలే వంతెన ప్రారంభించారు. ఖర్చు 1.60 కోట్లు. మర్నాడే దాని చివరి ముక్క, అంటే జనం నిలబడి సముద్రాన్ని చూడాల్సిన వేదిక, మిగతా వంతెనతో తెగతెంపులు చేసుకుని కెరటాల మీద తన దారిన తాను పోయింది. తెగిపోయిందని జనం గోల పెట్టారు. తెగలేదు, పరీక్ష కోసం మేమే విడదీశామని అధికారులు వివరణ ఇచ్చారు. ఆధునిక కళ అంటే ఏమిటని అడిగేవాళ్ళకి ఇంతకంటే తేలిగ్గా ఎవరూ చెప్పలేరు. వస్తువు ఎటు కొట్టుకుపోయినా ఫరవాలేదు, వివరణ గట్టిగా ఉండాలి. అదే వంతెన ప్యారిస్‌లో తేలి ఉంటే దాని మీద ఈపాటికి ఇద్దరు పీహెచ్‌డీ చేసేవాళ్ళు.

అలాంటి ఊళ్ళో ఈ మధ్య బీచ్ రోడ్డులోని ఓ పెద్ద హోటల్ హాల్లో సమకాలీన కళాకారులవీ డిజైనర్లవీ సృజనలన్నీ ఒకచోట పెట్టారు. వెళ్ళాను. మెచ్చుకోవడానికే వెళ్ళాను సుమండీ. పాస్ మీదే ఉంది, "రండి, ఆశ్చర్యపోండి" అని.

మొదటి ఆశ్చర్యం ఒక విరిగిన తెడ్డు. తెల్లటి దిమ్మె మీద పడుకోబెట్టి, మీద నుంచి లైటు వేశారు. పక్కన అట్టముక్క మీద "సముద్రానికీ శరీరానికీ మధ్య నలిగిపోతున్న మౌనాన్ని ప్రశ్నించే ప్రయత్నం" అని రాసి ఉంది. ధర 3 లక్షలు. పెదజాలరిపేటలో ఇలాంటి మౌనాలు పడవల పక్కన బోలెడు పడి ఉంటాయి. అక్కడ వాటినెవరూ ప్రశ్నించరు, పొయ్యిలో పెట్టుకుంటారు. తెడ్డు విరిగితే ఆ రోజు వేట పోయినట్టేనని అట్టముక్కలో ఎక్కడా లేదు. ఉంటే మౌనం చెడిపోయేదేమో.

ధర చూసి నోరెళ్ళబెట్టిన వాళ్ళు లోకజ్ఞానం లేనివాళ్ళు. ఇటలీ కళాకారుడు మౌరిజియో కాటెలాన్ 2019లో మయామీలో ఓ అరటిపండుని గోడకి టేపుతో అంటించాడు. 1.20 లక్షల డాలర్లకి పోయింది. 2024 నవంబర్‌లో న్యూయార్క్ సదబీస్ వేలంలో అదే ఆలోచనకి, పండు వేరే అనుకోండి, 62 లక్షల డాలర్లు పలికింది. కొన్న క్రిప్టో వ్యాపారి హాంకాంగ్‌లో పదిమందినీ పిలిచి దాన్ని ఒలుచుకుని తినేశాడు. ఆ లెక్కన మన తెడ్డు కారుచవక. పైగా తిననక్కర్లేదు.

ఇక అసలు విషయానికి వస్తాను. హాల్లో ఓ మూల ఏసీ కారుతోంది. మన ఊరి ఉప్పుగాలికి ఏసీలు కారడం వింతేమీ కాదు. హోటల్ కుర్రాడెవరో దాని కింద ఖాళీ పెయింట్ డబ్బా పెట్టాడు. తుడిచే కర్ర గోడకి ఆనించాడు. ముందు "నేల తడిగా ఉంది, జాగ్రత్త" అని పసుపు బోర్డు నిలబెట్టాడు. మొత్తం ప్రదర్శనలో చదవగానే అర్థమైన రాత అదొక్కటే.

ముందుగా అక్కడ ఆగింది లినెన్ లాల్చీ వేసుకున్న ఓ పెద్దమనిషి. చేతులు వెనక్కి కట్టుకుని తల కొంచెం వాల్చి నిలబడ్డాడు. ఆయన ఆగాడు కదా అని ఓ జంట ఆగింది. జంట ఆగింది కదా అని మిగతావాళ్ళు చేరారు. నేనూ చేరాను, ముందు వరస దొరికింది. టప్పున ఓ చుక్క పడింది.

"ఆ విరామం గమనించారా?" అన్నాడు లాల్చీ. గమనించాం. విరామం అయ్యాక ఇంకో చుక్క పడింది. ఒకావిడ కళ్ళు మూసుకుంది.

నగరంలో మంచినీళ్ళ ఎద్దడి మీద ఇంత సున్నితమైన వ్యాఖ్య తానెక్కడా చూడలేదన్నారు ఓ లెక్చరర్ గారు. నీళ్ళ మీద కాదు, స్టీల్‌ప్లాంట్ మీద అన్నాడు ఇంకొకాయన. కారిపోతున్నదేమిటి, పట్టుకోలేకపోతున్నదెవరు, హెచ్చరిక బోర్డు ఉన్నా చూడనిదెవరు అని వరసగా అడిగి, "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" మొత్తం ఆ డబ్బాలో ఉందని తేల్చాడు. నిజం చెప్పొద్దూ, నాకూ ఓ క్షణం కనిపించింది. మధురవాడ వైపు అపార్ట్‌మెంట్లు కట్టే బిల్డర్ గారికి ఇవేవీ పట్టలేదు. "మన లాబీకి ఇలాంటిదే కావాలండీ. రేటెంతంటారు? వాటర్ లైను మనమే ఇచ్చుకోవాలా?"

ఇంతలో డబ్బా నిండింది. కుర్రాడొచ్చాడు. గుంపు రెండుగా చీలి దారిచ్చింది. వంగి డబ్బా ఎత్తాడు. "అయ్యో" అంది కళ్ళు మూసుకున్నావిడ. కుర్రాడు నీళ్ళు పారబోసి, ఖాళీ డబ్బా తెచ్చి మళ్ళీ అక్కడే పెట్టాడు. చప్పట్లు! ఫోన్లన్నీ పైకి లేచాయి. వాడు బెదిరిపోయి వెనక్కి చూశాడు, ఎవరైనా మంత్రిగారొచ్చారేమో అని.

లాల్చీ ముందుకెళ్ళి భుజం మీద చెయ్యేశాడు. "ఈ ఆలోచన మీకెప్పుడు వచ్చింది?"

"పొద్దున్నేనండి. ఏసీ కారతంది. సూపర్‌వైజర్ గారు డబ్బా ఎట్టమన్నారు."

"ఎంత నిరాడంబరంగా చెప్పాడో విన్నారా!"

"రేపు మెకానిక్ వొత్తాడండి."

"అంటే రేపటితో సరి! శాశ్వతంగా ఉండకపోవడమే దీని ప్రాణం."

నవ్వకండి. 2016లో శాన్‌ఫ్రాన్సిస్కో ఆధునిక కళల మ్యూజియంలో ఓ కుర్రాడు తన కళ్ళద్దాలు నేల మీద పెట్టి పక్కకెళితే జనం చుట్టూ చేరి ఫొటోలు తీసుకున్నారు. అంతకుముందు, 2011లో, జర్మనీలోని డోర్ట్‌మండ్ మ్యూజియంలో ఒకావిడ ఓ తొట్టికి పట్టిన మరకని శుభ్రంగా రుద్ది పోగొట్టింది. ఆ మరక కిపెన్‌బర్గర్ అనే కళాకారుడు చేత్తో వేసింది. మొత్తం కళాఖండం విలువ 8 లక్షల యూరోలట. ఊడ్చేవాళ్ళకి కనిపించేది ఒకటి, పాస్ మీద వచ్చేవాళ్ళకి కనిపించేది ఇంకొకటి. రెండో రకం వాళ్ళం కాబట్టి డబ్బా దగ్గర ఇంకో అరగంట ఉన్నాం.

ఆ తర్వాత కాఫీ కోసం వెళ్ళాను. కాఫీ మిషన్ పక్కన, గుమ్మానికి ఆనుకుని, ఏటికొప్పాక నుంచి వచ్చిన ఇద్దరు కూర్చుని ఉన్నారు. ఓ చిన్న మిషను, నాలుగు ఉలులు, కింద పరిచిన గోనెసంచి. పైన "లైవ్ డెమో" అని కాగితం. తిరుగుతున్న అంకుడు కర్రకి పెద్దాయన లక్క కడ్డీ ఆనించాడు. రాపిడి వేడికి లక్క కరిగి కర్ర చుట్టూ పచ్చగా పాకింది. కడ్డీ తీసేసి మడత పెట్టిన మొగలి ఆకు ఆనించాడు. రెండు నిమిషాల్లో చేతిలో ఓ కుంకుమ భరిణె, అద్దంలా మెరుస్తూ. మూత విడిగా చేసి పెడితే చప్పుడు లేకుండా కూర్చుంది. కొలత టేపు ఏదీ కనబడలేదు. ఆ రంగుల్లోని పసుపు పసుపుకొమ్ముదే, నీలం నీలిమందుదే, ఎరుపుకి జాఫ్రా గింజలు. పిల్లలు నోట్లో పెట్టుకున్నా భయం లేదు.

వీళ్ళేమీ అనామకులు కారు, కాగితాల మీద. ఏటికొప్పాక బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ ఊరి సి.వి. రాజు గారికి, ఈ సహజ రంగుల్ని మళ్ళీ నిలబెట్టినందుకు, 2023లో పద్మశ్రీ ఇచ్చారు. 2025 రిపబ్లిక్ డే నాడు ఢిల్లీలో మన రాష్ట్ర శకటం మీద ఈ బొమ్మలే ఊరేగాయి. మూడో బహుమతి కూడా తెచ్చాయి. ఢిల్లీ దాకా వెళ్ళొచ్చిన కళకి బీచ్ రోడ్డులో దొరికిన చోటు కాఫీ మిషన్ పక్కన.

హాలు మధ్యలో, మంచి లైటు కింద, ఓ టేబుల్ దీపం ఉంది. లక్క పని. చూడగానే తెలుస్తోంది ఎక్కడిదో. అట్టముక్క మీద డిజైనర్ గారి పేరు లావుపాటి అక్షరాల్లో, కింద వారి బాల్యం, వారి ప్రయాణాలు, గుండ్రటి వస్తువులతో వారికున్న అనుబంధం. ధర 18,000. అట్ట అడుగున చీమతలంత అక్షరాల్లో: "తయారీ: స్థానిక కళాకారుల సహకారంతో."

పెద్దాయన్ని అడిగాను, అది మీ పనేనా అని.

"మాదేనండి. ఫోన్లో బొమ్మ పంపేరు. అలా చేస్తే నిలబడదండి, పడిపోద్ది. అడుగు వెడల్పు చేసి, బరువు కిందకి దింపేం."

"ఎంతిచ్చారు?"

ఆయన ఓసారి నిర్వాహకుల వైపు చూసి, "ఇచ్చేరండి" అన్నాడు.

సహకారమట! పడిపోయే బొమ్మని నిలబెట్టినవాడిది సహకారం, పడిపోయే బొమ్మ గీసినవాడిది సృజన. నలభై ఏళ్ళు కర్ర దగ్గర కూర్చుని, ఏ వేడికి ఏ రంగు పాకుతుందో వేలి కొసలతో తెలుసుకున్న మనిషికి ఓ పేరు ఉంటుందని, వాళ్ళ అమ్మానాన్నా పెట్టారని, ఆధార్ కార్డులో కూడా ఉందని ఇంతమంది చదువుకున్నవాళ్ళలో ఒక్కరికీ తట్టలేదా? కారుతున్న ఏసీకి అర్థాలు వెతికిన కళ్ళు ఆ గుమ్మం పక్కకి ఎందుకు తిరగలేదు? స్టీల్‌ప్లాంట్ గురించి కన్నీళ్ళు పెట్టుకున్నాయన అక్కడే కాఫీ పోయించుకున్నాడు. కప్పు పెట్టుకోవడానికి చోటు లేక ఆ మిషను బల్ల మీదే పెట్టాడు. లినెన్ లాల్చీ ఓ బొంగరం చేత్తో తిప్పి చూసి, 120 చెబితే 80కి ఇవ్వమన్నాడు. మూడు లక్షల తెడ్డు దగ్గర ఆయన బేరమాడలేదు. ఇచ్చేశాడు పెద్దాయన. ఇవ్వకపోతే సాయంత్రానికి సంచి బరువు తగ్గదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

మనమే ఇలా ఏడ్చామని కాదు. కాటెలాన్ గారి అరటిపండు ఉంది కదా, దాన్ని సదబీస్ ముందు బండి మీద పళ్ళమ్మే ఓ బంగ్లాదేశ్ పెద్దాయన దగ్గర కొన్నారు, 35 సెంట్లకి. అది ఎంతకి పోయిందో విలేకరి చెబితే ఆయన ఏడ్చేశాడు. ఉల్క తగిలి కూలిన పోప్ బొమ్మ, మోకాళ్ళ మీద కూర్చున్న హిట్లర్ బొమ్మ, కాటెలాన్‌కి లోకమంతా పేరు తెచ్చిన ఈ మైనపు బొమ్మల్ని చేసినవాడు డానియెల్ డ్రూయే అనే ఫ్రెంచి శిల్పి. పేరు తనకి రావాలని ప్యారిస్ కోర్టుకెక్కాడు. 2022లో కోర్టు ఆ దావా చెల్లదంది. కళాకారుడి మీద కాక గ్యాలరీ మీద వేశాడట. అక్కడ కనీసం కోర్టు దాకా వెళ్ళడానికి ఓ పేరు ఉంది. మన పెద్దాయన ఏ పేరుతో వెళతాడు, స్థానిక కళాకారుడు, తండ్రి పేరు సహకారం అని రాసుకునా?

కోపం దిగమింగి నిర్వాహకురాలి దగ్గరికెళ్ళాను. చాలా మర్యాదస్తురాలు. "అమ్మా, ఆ దీపం దగ్గర చేసినవాళ్ళ పేర్లు రెండు వేస్తే బాగుంటుందేమో" అన్నాను.

"మేమూ అనుకున్నామండీ. కానీ పేర్లు ఎక్కువైతే డిజైన్ క్లీన్‌గా ఉండదు. చోటు కూడా సరిపోదు."

చోటు సంగతి నిజమే. ఆవిడ వెనకాల గోడ నిండా, నేల నుంచి సీలింగ్ దాకా, స్పాన్సర్ల లోగోలు ఉన్నాయి. రెండు రియల్ ఎస్టేట్ వెంచర్లు, ఓ నగల దుకాణం, ఓ కార్పొరేట్ కాలేజీ, ఓ పళ్ళ డాక్టరు. అన్నిటికంటే పెద్దది, "కళకి చల్లని తోడు" అని రాసి ఉన్నది, ఆ హాలుకి ఏసీలు బిగించిన కంపెనీది.