సవరణ: ఉల్లిపొరలో హరితరేణువులు ఉండవు, 40ఎక్స్ కటకానికి నూనె వద్దు

మైక్రోస్కోపులో చూసే ఉల్లిపొర స్లైడు గురించి ముందు రాసిన దాంట్లో రెండు తప్పులున్నాయి, మన్నించండి.

ఉల్లిపొర కణాల్లో హరితరేణువులు (ఆకులకు పచ్చరంగునిచ్చే రేణువులు, క్లోరోప్లాస్టులు) కనిపిస్తాయన్నాం. కనిపించవు. గడ్డ లోపలి రేకులకు వెలుతురు తగలదు, అందుకే వాటి పొరలో అవి ఉండవు. అవి చూడాలంటే హైడ్రిల్లా అనే నీటిమొక్క ఆకు ఒకటి నీటిచుక్కలో పెట్టండి, రంగు అక్కర్లేదు. ఉల్లిపొర మీద అయోడిన్ ఒక్క చుక్క వేస్తే కేంద్రకం తేలుతుంది. చాలా కణాల్లో అది గోడవారకు ఒత్తుకుని ఉంటుంది, మధ్యలో చోటంతా రిక్తికదే (ద్రవంతో నిండిన సంచి, వాక్యూల్).

రెండోది కటకాన్నే పాడుచేసే తప్పు. 40ఎక్స్ (40 రెట్లు పెద్దది చేసే) కటకం కింద నూనె వేయమన్నాం. మామూలు బడి మైక్రోస్కోపుల్లో అది నూనె లేకుండా వాడే పొడి కటకం, నూనె అంటితే బొమ్మ మసకబారుతుంది. నూనె 100ఎక్స్‌కే. ఇప్పటికే అంటితే లెన్స్ పేపరుతో వెంటనే మెల్లగా అద్దండి, గుడ్డతో రుద్దొద్దు.