గులాబీకి పదో షెడ్యూలు

ముందుగా ఒక మనవి. గులాబీ, ఫిరాయింపు అనే రెండు మాటలు పక్కపక్కన పడితే మనవాళ్లు వెంటనే వేరే అర్థం తీస్తారు. నేను చెబుతున్నది మా డాబా మీద పన్నెండంగుళాల కుండీలో ఉన్న గులాబీ గురించి. రంగు ఎరుపు. అంటే, కొన్నప్పుడు ఎరుపు.

సంక్రాంతికి ఊరెళ్లి తిరిగొస్తూ కడియంలో కొన్నాను. కడియపులంక దగ్గర కారాపి నర్సరీలోకి వెళ్లి ఉత్త చేతులతో బయటికొచ్చిన మనిషిని నేనింతవరకు చూడలేదు. "అంటు మొక్కండి, పూలు కోసుకోలేక చస్తారు" అన్నాడు కుర్రాడు. మూడు కొమ్మలు, రెండు మొగ్గలు. అమ్మ దాన్ని ఒళ్లో పెట్టుకుని ఇంటిదాకా తెచ్చింది.

అంటు కట్టడమంటే ఏమిటో ఇక్కడ చెప్పాలి. మొండి జాతి గులాబీ కాండం మీద తొక్కని టీ ఆకారంలో చీల్చి, అందులో మేలు రకం కన్ను, అంటే చిగురు వేసే మొలక, ఒకటి దూర్చి, ప్లాస్టిక్ నాడాతో చుట్టేస్తారు. కన్ను పట్టాక దాని పైనున్న మొండి కొమ్మని తీసేస్తారు. వేళ్లు ఒకరివి, పువ్వు ఇంకొకరిది. క్యాడర్ ఒక పార్టీది, టిక్కెట్టు ఇంకో పార్టీది. ఇలాంటి పొత్తు ఎన్నాళ్లు నిలుస్తుందో మనకి తెలియంది కాదు. మా అమ్మమ్మగారి పెరట్లో నాటు గులాబీకి ఈ గొడవ లేదు. కొమ్మ విరిచి గుచ్చితే సొంత వేళ్లు పోసుకుంది. ఇండిపెండెంటు. కింద నుంచి ఏం మొలిచినా తన మనిషే.

జూన్‌లో నాలుగు వానలు పడ్డాయో లేదో, అంటు ముడికి కింద ఒక చిగురు లేచింది. నిటారుగా, నిగనిగలాడుతూ, చూస్తుండగానే మూరెడు. అమ్మ మురిసిపోయింది. పక్కింటి బాబాయి గారు మాత్రం వచ్చి ఆకులు లెక్కపెట్టమన్నారు. రెమ్మకి ఐదాకులుంటే మనది, ఏడుంటే దొంగదట. లెక్కపెట్టాను. ఒకే కొమ్మకి ఐదూ ఉన్నాయి, ఏడూ ఉన్నాయి. మేలు రకాల్లోనూ కొన్నింటికి ఏడాకులుంటాయి కాబట్టి ఇది కండువా చూసి పార్టీ చెప్పడం లాంటిది. చూడాల్సింది ఎక్కణ్నుంచి మొలిచిందని. ముడికి పైనైతే మన కొమ్మ, కిందైతే ఫిరాయింపు కొమ్మ.

ఫిరాయింపుల మీద ఈ దేశంలో చట్టముంది. 1985లో 52వ సవరణతో రాజ్యాంగంలో పదో షెడ్యూలు చేర్చారు. అనర్హత తేల్చేది స్పీకరు. మా ఇంట్లో ఆ కుర్చీ అమ్మది. పిటిషన్ వేశాను.

"పచ్చటి కొమ్మ మీద కత్తెర పెడితే కళ్లు పోతాయిరా" అంది స్పీకరు.

నోటీసివ్వలేదు, విచారణ లేదు. స్పీకర్లు మామూలుగా మూడు నెలల్లో తేల్చాలని 2020లో మణిపూర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ముక్క అమ్మకి వినిపించాను. "సుప్రీంకోర్టు వచ్చి నీళ్లు పోస్తుందా?" అంది.

ఈలోగా సంక్షేమ పథకాలు ఆగలేదు. పొద్దున బియ్యం కడిగిన నీళ్లు, మధ్యాహ్నం ఉల్లి తొక్కలు, సాయంత్రం కాచి వడకట్టిన టీ పొడి, ఆదివారం గుడ్డు పెంకులు. టీ పొడిలో చక్కెర మిగలడంతో చీమలు దిగాయి. లేత చిగుళ్లకి పేనుబంక పట్టింది. అది విసర్జించే తేనె బంక కోసం చీమలు దానికి గన్‌మెన్ డ్యూటీ చేస్తాయని ఆ వారమే కళ్లారా చూశాను. లీటరు నీళ్లకి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బు నీళ్లు కలిపి కొడితే గన్‌మెన్‌తో సహా సర్దుకున్నారు. అసలు బాధ అది కాదు. ఏం పోసినా ముందు వేళ్లకే చేరుతుంది, వేళ్లు వాళ్లవి. ఎర్ర గులాబీ పేరుమీద మంజూరైన ప్రతి పథకమూ కింద కొమ్మకే అందింది.

ఓ రాత్రి, ఒప్పుకుంటున్నాను, రాజ్యాంగాన్ని పక్కనపెట్టి మొబైల్ లైటు వెలుగులో ఆ కొమ్మని మట్టి దాకా కత్తిరించాను. పెద్ద తప్పు. కొమ్మ మొదలు దగ్గర మిగిలిన కన్నుల నుంచి నెల తిరక్కుండా మూడు లేచాయి. మట్టి తవ్వి, వేరుకి అతుక్కున్న చోటే పట్టుకుని మడమతో సహా చీల్చి లాగెయ్యాలట. పైపైన సస్పెన్షన్లతో పార్టీలెప్పుడు బాగుపడ్డాయి గనక!

అక్టోబరు, నవంబరుల్లో గులాబీకి పెద్ద కత్తిరింపు వెయ్యాలి. బయటివైపు చూసే కన్నుకి కాస్త పైన, ఏటవాలుగా. అప్పుడు కత్తిరిస్తే నెలన్నర, రెణ్నెల్లకి, అంటే ధనుర్మాసానికి పూలు. కానీ అది కార్తీకమాసం. కార్తీకంలో చెట్టు కొడతారా? కొట్టరు. ధనుర్మాసంలో గొబ్బెమ్మలకి గులాబీలు కావాలా? కావాలి. ఈ రెండు తీర్మానాలూ మా సభలో ఒకే రోజు మూజువాణి ఓటుతో నెగ్గాయి.

కార్తీక పౌర్ణమి వెళ్లాక ఎట్టకేలకు అమ్మ కళ్లజోడు పెట్టుకుని కుండీ ముందు కూర్చుంది. కొమ్మలు లెక్కపెట్టింది. మొత్తం తొమ్మిది. ముడికి కింద నుంచి వచ్చినవి ఆరు. ఆ ఆరింటికి ఆకులే తప్ప ఒక్క మొగ్గా లేదు.

"ఇంకేం కోస్తావురా? చెట్టంతా ఒకటైపోయింది కదా" అంది.

లోపలికెళ్లి పదో షెడ్యూలు తీసి చూశాను. నాలుగో పేరా. ఒక పార్టీ శాసనసభ్యుల్లో మూడింట రెండొంతులు వేరే పార్టీలో కలవడానికి ఒప్పుకుంటే అది ఫిరాయింపు కాదు, విలీనం. తొమ్మిదిలో ఆరు. అమ్మ తీర్పులో సాంకేతికంగా ఏ లోపమూ లేదు.

మిగిలిన మూడు ఎర్ర గులాబీ కొమ్మల్లో ఒకటి మొన్నటి నుంచి కొస నల్లబడి కిందికి ఎండుతూ వస్తోంది. ప్రతిపక్ష హోదా కూడా పోయేట్టుంది.