సవరణ: పిల్లల భయం గురించి నేను రాసిన మాట

పెన్నా వరద చూసి బెదిరిపోయిన పిల్లల గురించి పోయిన వారం రాస్తూ, "జరిగినదంతా రోజూ పూసగుచ్చినట్టు చెప్పిస్తే భయం పోతుంది" అన్నాను. అది తప్పు. బలవంతంగా చెప్పించకూడదు. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తెచ్చిన మానసిక ప్రథమ చికిత్స మార్గదర్శకాల్లో ఈ మాట స్పష్టంగానే ఉంది. నేను ఎవరో చెప్పింది విని రాసేశాను.

బిడ్డ తనంతట తాను చెబితే అడ్డుపడకుండా వినాలి. చెప్పకపోతే ఊరుకోవాలి. కోవూరులో మా వీధిలో ఒక పాప బకెట్ నీళ్లలో బొమ్మను ముంచుతూ, తీస్తూ, మళ్లీ ముంచుతూ ఉంటే వాళ్లమ్మ హడలిపోయి బకెట్ లాగేసుకుంది. ఆ ఆట కూడా చెప్పుకోవడమే. పక్కన కూర్చుని "బొమ్మను ఎవరు కాపాడతారు?" అని అడిగితే చాలు. వేళకు అన్నం, వేళకు నిద్ర, మళ్లీ బడి, పక్క తడిపితే తిట్టకపోవడం, వీటితోనే చాలామంది తేరుకుంటారు. టీవీలో వరద దృశ్యాలు మాత్రం ఆపేయండి. (తాయెత్తు కట్టిస్తే నాకు అభ్యంతరం లేదు, దానితోనే సరిపెట్టకండి.)

నెల దాటినా పీడకలలు, ఉలికిపాటు తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోను చేయవచ్చు. పాత పోస్టులో ఆ వాక్యం తీసేశాను.