వెనిస్ వంతెన మీద రైస్ కుక్కర్

మా ఆవిడ లెక్కలో యూరో అంటే వంద రూపాయలు. ఆ రోజు రేటెంతో ఆవిడకి అనవసరం. అంకె పక్కన రెండు సున్నాలు చుట్టేసి గుండె మీద చెయ్యి వేసుకుంటుంది, అంతే.

మ్యూనిక్‌లో అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు, "ఇంత దూరం వచ్చారు, ఇటలీ కూడా చూసి రండి" అని వాడే రైలు టికెట్లూ గదులూ తీసి చేతిలో పెట్టాడు. తిండి మాత్రం మా ఖర్చు. అక్కడి హోటళ్లలో తిన్నదానికి కాకుండా, బల్ల దగ్గర కూర్చున్నందుకు మనిషికి రెండో మూడో యూరోలు వేస్తారని మాటల్లో నోరు జారాడు.

"కూర్చుంటే మూడొందలా!" అంది మా ఆవిడ. ఆ రాత్రే, గుంటూరు నుంచి మోసుకొచ్చిన రైస్ కుక్కర్ పెట్టెలోకి ఎక్కింది. దాని కడుపులో ఆవకాయ సీసా, చుట్టూ ఐదు కిలోల సోనా మసూరి. నా చొక్కాలు రెండు దిగిపోయాయి.

రోమ్‌లో గదికి చేరగానే బియ్యం కడిగింది. ప్లగ్గు దగ్గర ఆగిపోయాం. మన ప్లగ్గుకి మూడు లావుపాటి కాళ్లు, పొయ్యి రాళ్లలా ముక్కోణంలో ఉంటాయి. ఇటలీ గోడకేమో మూడు సన్నటి కన్నాలు, రేషన్ షాపు ముందు క్యూలా ఒకే వరసలో. మ్యూనిక్‌లో పనిచేసిన అడాప్టర్ కూడా ఇక్కడ దూరనంది. స్టేషన్ దగ్గర కొట్లో కొత్తది ఎనిమిది యూరోలన్నాడు. ఆవిడ నా మోచెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చేసింది. నానిన బియ్యం రెండు రోజులు మమ్మల్ని చూస్తూ ఊరుకుంది. మేము కౌంటర్ల దగ్గర నిలబడి పిజ్జా ముక్కలు తింటూ మధ్యలో ఆవకాయ నంజుకున్నాం.

అయితే రోమ్‌లో నీళ్లు ఉచితం. వీధి వీధికీ ఇనుప కుళాయిలు, రాత్రీ పగలూ చల్లగా పారుతూనే ఉంటాయి. కుళాయి మూతిని వేలితో మూస్తే, పైనున్న చిన్న కన్నంలోంచి నీళ్లు పైకి చిమ్ముతాయి, వంగకుండా తాగొచ్చు. ఈ కిటుకు ఒక పిల్లాణ్ణి చూసి నేర్చుకుని మా ఆవిడకి ప్రదర్శించాను. నీళ్లు నా నోటికి అందలేదు గానీ ఆవిడ చీర మొత్తానికి అందాయి.

తడి చీరతోనే పాంథియన్ అనే పాత రోమన్ గుడికి వెళ్లాం. టికెట్ 5 యూరోలు. సుమారు 1900 ఏళ్ల కిందటి కట్టడం, ఇనుప చువ్వ లేని కాంక్రీటు గుమ్మటం, అడ్డం 43 మీటర్లు. నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను. ఆవిడ చూపు గుమ్మటం నడినెత్తిన ఉన్న తొమ్మిది మీటర్ల కన్నం మీద పడింది. "వానొస్తే?" అంది. లోపలే పడుతుంది, నేలకి కన్నాలున్నాయి, అందులోంచి పోతుంది అన్నాను. "కప్పు పూర్తిచెయ్యని ఇంటికి మనిషికి ఐదొందలా?" అంది. దాన్ని కట్టించిన హేడ్రియన్ చక్రవర్తి తరఫున నా దగ్గర సమాధానం లేదు.

ఫ్లోరెన్స్‌లో మాత్రం ఆవిడ మొహం వెలిగింది. మైకెలాంజెలో చెక్కిన డేవిడ్‌ని 1873లో కూడలిలోంచి తీసి మ్యూజియంలో పెట్టేశారు. కూడలిలో ఇప్పుడున్నది నకలు. లోపలికి టికెట్, బయట ఉచితం. "ఒరిజినల్ బీరువాలో ఉంటే ఏం, జిరాక్స్ చాలదూ? మీ సర్టిఫికెట్లు అలాగేగా ఇన్నాళ్లూ చెల్లాయి," అంది. జిరాక్స్ డేవిడ్ ముందు పది ఫోటోలు దిగాం.

ఇక వెనిస్. ఇక్కడ జరిగిందానికి బాధ్యత పూర్తిగా నాది. స్టేషన్ మెట్ల కిందే కాలవ, కాలవలో పడవ బస్సు. టికెట్ మనిషికి 9.50. ఇద్దరికీ కలిపి పంతొమ్మిది వందలని ఆవిడ నోరు తెరిచేలోపే, "మన గది సాన్ మార్కో కూడలి వైపేగా, రెండు కిలోమీటర్ల చిల్లరే, నడిచేద్దాం," అని వీరుడిలా పెట్టె హ్యాండిల్ లాగాను.

ఆ ఊళ్లో ఆటో లేదు, రిక్షా లేదు, సైకిలు కూడా తొక్కనివ్వరు. నాలుగొందలకు పైగా వంతెనలున్నాయి. దాదాపు ప్రతిదీ మెట్లెక్కి, మెట్లు దిగి దాటాల్సిందే. మొదటి వంతెన మీద ఫోటో తీసుకున్నాం. రెండో దాని మీద ఆయాసం తీర్చుకున్నాం. నాలుగోదాని మీద పెట్టె చక్రం ఒకటి ఊడి, టకటకమని మెట్లు దిగి, కాలవలోకి నిమజ్జనమైపోయింది.

అక్కణ్ణుంచి పెట్టె నా నెత్తి మీదకెక్కింది. లోపల కుక్కర్ మూత నా అడుగుకి తాళం వేస్తోంది. గోడల మీద సాన్ మార్కోకి దారి అని పసుపు బోర్డులున్నాయి. ఒక మూల మీద అదే పేరుకి బాణం ఎడమకీ ఉంది, కుడికీ ఉంది. మా ఆవిడ ఎడమ అంది. నేను కుడి అన్నాను. కుడివైపు సందు చివర నీళ్లున్నాయి, వంతెన లేదు. వెనక్కి తిరిగి వస్తుంటే ఆవిడ ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

మూడు గంటల తర్వాత గది వీధిలోకి వచ్చాం. సందు మొగలో ఎలక్ట్రికల్ కొట్టు. ఆవిడే లోపలికెళ్లి, పన్నెండు యూరోలు లెక్కపెట్టి ఇచ్చి అడాప్టర్ కొంది. "ఇంతా మోసింది ఊరికేనా?" అంది.

కుక్కర్ స్విచ్ వేశాం. ఎర్ర దీపం వెలిగింది. ఇద్దరం దేవుడి గుళ్లోలా నిలబడి చూశాం. నేను స్నానానికని గీజర్ వేశాను. ఏసీ ముందే నడుస్తోంది. టప్. కుక్కర్, ఏసీ, గీజర్, మెట్ల దీపం, అన్నీ ఆరిపోయాయి. అక్కడ మామూలు ఇళ్లకి 3 కిలోవాట్ల కరెంటేనని తర్వాత తెలిసింది. ఇంటావిడ టార్చి పట్టుకుని ఆయాసపడుతూ పైకి వచ్చి, కుక్కర్ని చూసి, నన్ను చూసి, గీజరూ ఏసీ కట్టేసి, ఒక్క వేలు ఎత్తి చూపించి వెళ్లింది. ఒక్కటే. మేం అన్నాన్నే ఎంచుకున్నాం.

రాత్రి ఎనిమిదిన్నరకి, చెమటలు కక్కుతూ, కిటికీ దగ్గర నిలబడి వేడన్నంలో ఆవకాయ కలుపుకుంటున్నాం. కింద కాలవలో గొండోలా వచ్చింది. అందులో ఒక జంట. సాయంత్రం ఏడు దాటితే ఆ పడవ రేటు 110 యూరోలు. ఆ పిల్ల తలెత్తి మా ముద్దలని చూసి, ఫోన్ తీసి ఫోటో తీసింది.

"పదకొండు వేలు పెట్టి మనల్ని చూస్తున్నారండీ," అంది మా ఆవిడ, కొంగు సర్దుకుంటూ. "ఆ కంచం కాస్త పైకెత్తండి."